హంప్‌బ్యాక్ తిమింగలాలు తిండి ఉన్న ధ్రువాల వైపు చల్లటి నీళ్లు వదిలి, వెచ్చటి నీళ్ల దాకా అంత దూరం ఎందుకు వెళ్తాయి? వాటి సంఖ్య నిజంగా పెరిగిందా?

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి జువాలజీ చెప్పినదాన్ని. సూటిగా చెప్తాను: అవి వెళ్లేది బిడ్డల కోసం. చర్మం పైపొర రాల్చుకోవడానికి వెచ్చటి నీళ్లు కావాలి కాబట్టి వెళ్తాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. అదీ ఉండొచ్చు గానీ, తల్లినీ పిల్లనీ దగ్గర్నుంచి చూశాక నాకు ఆ కారణం ఆనలేదు.

మా అమ్మాయి పురుడికని బ్రిస్బేన్ వెళ్లాను. సెప్టెంబరులో వియ్యపురాలు వచ్చి పసిబిడ్డ పని అందుకున్నాక, నాకు కాస్త మార్పు కావాలని మా అల్లుడు హర్వీ బే తీసుకెళ్లాడు. అంటార్కిటికా వైపు నుంచి తూర్పు ఆస్ట్రేలియా తీరం వెంబడి గ్రేట్ బారియర్ రీఫ్ దాకా వెళ్లి, అక్కడ ఈనిన తల్లులు తిరుగు ప్రయాణంలో ఆ అఖాతంలో ఆగి పిల్లల్ని సాకుతాయి.

బోటు ఆపిన కాసేపటికి ముందు వాసన వచ్చింది. నీచు వాసన! తల్లి వదిలిన ఊపిరి తుంపర నా కళ్లజోడు మీద పడింది. కొంగుతో తుడిస్తే జిడ్డుగా సాగింది. తల్లి నీటి పైభాగాన కదలకుండా ఉంటే, పిల్ల దాని ఈతరెక్క కింద నుంచి దూరి అవతల తేలడం, ఊపిరి తీసుకుని మళ్లీ దూరడం. ఆ రెక్క ఒంటి పొడవులో మూడో వంతు ఉంటుంది. నేను మాత్రం తల్లి వీపే చూస్తున్నాను. ఊపిరి రంధ్రాల వెనక నొక్కుకుపోయి ఉంది. ఉండదూ మరి? వెచ్చటి నీళ్లలో దానికి తిండి దాదాపు దొరకదు. దక్షిణాన వేసవంతా క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తిని దాచుకున్న కొవ్వునే కరిగించి నెలల తరబడి పిల్లకు పాలు ఇస్తుంది. పుట్టిన పిల్లకు ఒంట్లో కొవ్వు పలచన, అంటార్కిటికా చలికి ఆగలేదు. పైగా పిల్లల్ని వేటాడే కిల్లర్ వేల్స్ బెడద వెచ్చటి నీళ్లలో తక్కువ. పచ్చి బాలింత పక్కనుంచి వచ్చిన నాకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

మన దగ్గర ఇదంతా ఒక మార్కు బిట్టు. తిమింగలం చేపా, క్షీరదమా? టిక్కు పెట్టి పేజీ తిప్పేయడమే. ఎప్పుడైనా ఒకటి చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే టీవీలో ‘భారీ చేప’ అని స్క్రోలింగ్, దాని మీదెక్కి జనం సెల్ఫీలు. ఒళ్లు మండిపోతుంది నాకు.

ఇక సంఖ్య సంగతి. 20వ శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధ గోళంలోనే 2 లక్షలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపేశారు. సోవియట్ ఓడలు అక్కడ 48 వేలకు పైగా చంపి, లెక్కల్లో 3 వేల లోపే చూపించాయి. 1963లో ఆ గోళంలో వేట నిషేధించేనాటికి తూర్పు ఆస్ట్రేలియాలో మిగిలింది కొన్ని వందలు. 2015కి అవి 24 వేలు దాటాయి, 2022లో ఆస్ట్రేలియా తన ప్రమాద జాబితా నుంచి వాటిని తీసేసింది. చట్టం గట్టిగా నిలబడితే జరిగేది ఇది. అలాగని నిశ్చింతగా ఉండే రోజులు కావు. ఉత్తర పసిఫిక్‌లో 2012లో 33 వేలకు పైగా ఉన్నవి, సముద్రం వేడెక్కి తిండి తగ్గాక, 2021కి 27 వేల లోపుకు పడిపోయాయి.

నా బాధంతా మన పక్కనున్న అరేబియా సముద్రం తిమింగలాల గురించి. రుతుపవనాల గాలికి లోతు నుంచి పోషకాలు పైకొచ్చి, తిండి, వెచ్చదనం రెండూ అక్కడే దొరుకుతాయి కాబట్టి అవి ఏ ధ్రువానికీ పోవు. నా మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దాదాపు 70 వేల ఏళ్లుగా మిగతా వాటితో కలవకుండా విడిగా బతికాయి. 1960లలో సోవియట్ నౌకలు వాటినీ వదల్లేదు, రెండు వందలకు పైగా చంపాయి. ఇప్పుడు ఒమన్ తీరంలో వందలోపే ఉంటాయని అంచనా. 2017 చివర్లో అక్కడ ఉపగ్రహ ట్యాగు వేసిన లుబాన్ అనే ఆడ తిమింగలం సముద్రం దాటి మన దేశపు దక్షిణ కొస దాకా వచ్చి తిరిగి వెళ్లింది. ఆస్ట్రేలియాలో పెరిగాయని సంబరపడేవాళ్లు లుబాన్ పేరైనా విన్నారా?

శ్రీకాకుళం వైపు నుంచి గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదకు పనికెళ్లే మనవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఒక్క మాట చెప్పండి. తిమింగలం మునిగేటప్పుడు తోక పైకి లేపితే, దూరం నుంచే సెల్‌తో తోక అడుగు భాగం ఫోటో తీయమనండి. ఆ నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. తేదీ, చోటు రాసి హ్యాపీవేల్ వెబ్‌సైట్‌లో పెడితే అది ఏ తిమింగలమో పోల్చి చూస్తారు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో కనిపించిన మగ తిమింగలం 2022లో ఆఫ్రికా తూర్పు తీరాన జాంజిబార్ దగ్గర తేలిందని పట్టుకున్నది ఇలాంటి ఫోటోలతోనే.