చిన్న ఇబ్బంది ఏమిటో రాయి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. నా తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్ల అంత దూరం వెళ్లి కూడా తెలుగులో రాస్తోందన్న సంతోషంతో మొదటిసారి చదివాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ పెన్సిలు రాసిందే అనుకో.

మూడు రోజుల సెలవు, నలుగురు స్నేహితులు, ఒక జీపు, అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారి కొండల్లో తారు ఎరగని దారులు, గుడారాల్లో రెండు రాత్రులు. సరుకు మంచిదే. కానీ పన్నెండు పేజీల్లో మూడు పేజీలు నక్షత్రాలకే పోయాయి. నీళ్లకు ఒక్క వాక్యం లేదు! మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున తీసుకెళ్లమని అక్కడ చెబుతారు కదా, మీరు ఎన్ని డబ్బాలు పెట్టుకున్నారు? గిన్నెలు దేనితో తోమారు? చివరి డబ్బా మూత తీసేటప్పుడు ఎవరు ఎవరి ముఖం చూశారు? నక్షత్రాలదేముందమ్మా, కరెంటు పోతే మన ఊళ్లోనూ కనిపిస్తాయి.

ఎనిమిదో పేజీలో ఇలా రాశావు: ‘దారిలో చిన్న ఇబ్బంది ఎదురైంది. అది వేరే కథ.’ ఆ వెంటనే సూర్యాస్తమయంలోకి వెళ్లిపోయావు. నా పెన్సిలు అక్కడ ఆగిపోయింది. ఏమిటా ఇబ్బంది? చదువరిని గుమ్మం దాకా పిలిచి తలుపు వేసేశావు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. ఇదే పని నేనూ చేశాను. 2016 ఫిబ్రవరిలో మేం మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఇలాంటి సెలవుకే అల్లుడు మమ్మల్ని డెత్ వ్యాలీ తీసుకెళ్లాడు. ఉబెహెబె అగ్నిపర్వత బిలం దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి రేస్‌ట్రాక్ అనే ఎండిన చెరువుకు దాదాపు 43 కిలోమీటర్ల కంకర దారి. మధ్యలో రెండు దారులు కలిసే చోట ఒక గుర్తు బల్ల, దానికి వచ్చేపోయేవాళ్లు వేలాడదీసిన టీ కెటిళ్లు. ఆ చోటి పేరే టీకెటిల్ జంక్షన్. అది దాటాక కాసేపటికి, కత్తిలాంటి రాయి ఒకటి మా వెనక టైరును పక్క నుంచి చీల్చేసింది.

స్టెప్నీ ఉంది. జాకీ ఉంది. కానీ జాకీ తిప్పుతుంటే బండి పైకి లేవడం లేదు, జాకీయే కంకరలోకి దిగబడుతోంది. ఫోనుకు సిగ్నల్ లేదు. అల్లుడు నావైపు చూడకుండా రాళ్లు ఏరి కింద పెడుతున్నాడు, అవి జారిపోతున్నాయి. అప్పుడు మా ఆవిడ వంట సంచి విప్పి చపాతీ పీట తీసి, ‘ఇది పెట్టి చూడు బాబూ’ అంది. గుడారానికి చపాతీ పీట ఎందుకని బయల్దేరేటప్పుడు నేను నలుగురిలో వేళాకోళం చేసిన పీట అది. జాకీ దాని మీద నిలబడింది. బండి లేచింది.

తిరిగొచ్చి వ్యాసం రాశాను. ఒక పత్రిక వేసింది కూడా. అందులో అనంత నిశ్శబ్దం ఉంది, ఘనీభవించిన కాలం ఉంది. పీట లేదు. పీట గురించి రాస్తే రచన స్థాయి తగ్గుతుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తగ్గేది నా స్థాయి. మా ఆవిడ చదివి, ‘బాగుంది. ఇందులో నేనెక్కడ ఉన్నాను?’ అని అడిగి వంటింట్లోకి వెళ్లింది.

ఆ వ్యాసంలో ఇంకో తప్పు కూడా ఉంది, దాన్ని నువ్వూ చేశావు. రేస్‌ట్రాక్ మీద రాళ్లు తమంతట తాము జరిగి వెనక గీతలు వదలడం ‘శాస్త్రానికి అందని రహస్యం’ అన్నావు. నేను ‘ప్రకృతి దాచుకున్న గుట్టు’ అన్నాను. ఆ గుట్టు నేను వెళ్లడానికి రెండేళ్ల ముందే, 2014లో బయటపడింది. చలికాలంలో అక్కడ లోతు లేని నీరు నిలుస్తుంది. రాత్రి పైన మంచు పలక కడుతుంది, కిటికీ అద్దం అంత పలచన. ఎండ ఎక్కాక అది పెద్ద పెద్ద ముక్కలుగా విరుగుతుంది. చిన్న గాలికే ఆ ముక్కలు కదిలి, జారుడు బురద మీద రాళ్లను మెల్లగా నెట్టుకుపోతాయి. పరిశోధకులు రాళ్లకు జీపీఎస్ పరికరాలు అమర్చి కాపు కాసి, అవి కదలడం కళ్లారా చూశారు. నీ ‘రహస్యం’ కంటే ఆ కాపు కాయడం ఎంత బాగుందో చూడు. చలిలో, రాయి ఎప్పుడు కదులుతుందా అని కూర్చున్న మనుషులు!

భాష సంగతి. ‘వాష్‌బోర్డ్ రోడ్డు’ అని ఆరుసార్లు రాశావు. వాష్‌బోర్డ్ అనే మడతల చెక్క మీద బట్టలు ఉతికిన మనిషి మన గజపతి జిల్లాలో ఎవరున్నారు? మనకు చాకిరేవు బండ తెలుసు, అది నున్నగా ఉంటుంది. సిమెంటు రేకుల కప్పు మీద సైకిలు తొక్కినట్టు ఉందని రాయి, మీ నాన్నగారి పళ్లు కూడా టకటకమంటాయి. ఆ మడతలు ఎవరూ చేసినవి కావు. వేగంగా వెళ్లే చక్రాలు ఎగిరిపడుతూ కంకరను ఎగదోసి వరసలు కడతాయి. ముందు వెళ్లిన ప్రతి బండీ మీ నడుములను కుదిపిందన్నమాట.

‘నిర్మానుష్య’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేశాను. ఆ లోయలోనే, ఫర్నెస్ క్రీక్ అనే చోటు పక్కనే, తింబిషా షోషోనీ ఆదివాసుల పల్లె ఉంది. ఆ లోయ వాళ్ల పూర్వీకులది. 2000 సంవత్సరంలో వచ్చిన చట్టంతో 7,700 ఎకరాలకు పైగా భూమి వాళ్లకు దక్కింది. ‘మృత్యులోయ’ అన్న పేరు బంగారం కోసం పడమటికి పోతూ 1849లో దారి తప్పినవాళ్లు పెట్టింది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఆ పేరు ఎలా నచ్చుతుంది? మన మహేంద్రగిరి ఎక్కి దిగినవాడెవడో దాన్ని ‘నిర్మానుష్యం’ అని రాస్తే కింది ఊళ్ల సవరలు ఏమంటారు?

దారి కూడా దానంతట అది పుట్టదు. టైటస్ కాన్యన్ అనే ఇరుకు లోయ గుండా మేం వెళ్లిన దారి లెడ్‌ఫీల్డ్ అనే గని ఊరి కోసం వేసింది. 1926లో సీసం ఉందని వాటాలు అమ్మారు, ఇళ్లు లేచాయి, ఆగస్టులో తపాలా కార్యాలయం తెరిచారు. తర్వాతి జనవరికల్లా మూసేశారు. గిట్టుబాటయ్యేంత సీసం దొరకలేదు, ఊరు నిలవలేదు, రేకు షెడ్లు కొన్ని మిగిలాయి. దారి మాత్రం సెలవు రోజుల వాళ్లకు పనికొచ్చింది. నువ్వు వెళ్లిన దారులు ఎవరు, దేనికోసం వేశారో కనుక్కో. సగం వ్యాసం అందులోనే దొరుకుతుంది.

అంకెలు వేసేటప్పుడు మన ఊరి నుంచి కొలువు. టెలిస్కోప్ శిఖరం 3,368 మీటర్లు, దాని కింద బ్యాడ్‌వాటర్ అనే పల్లం సముద్ర మట్టానికి 86 మీటర్ల దిగువ అని రాసి వదిలేశావు. మహేంద్రగిరి 1,501 మీటర్లు. బ్యాడ్‌వాటర్‌లో రెండు మహేంద్రగిరులను ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా, శిఖరం ఇంకా 450 మీటర్ల పైన ఉంటుంది. శివరాత్రికి కొండ ఎక్కిన వాళ్లెవరికైనా ఇది మోకాళ్లతో అర్థమవుతుంది.

గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఈ ఊళ్లో బడిపంతులుగా చేరారు. సవర కొండల్లో తిరిగారు, జ్వరం పట్టుకుంది, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా ఆ భాష వదలలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. నిన్ను అంత చేయమనడం లేదు. మూడు రోజుల్లో మీకు ఐసు అమ్మిన మనిషినైనా ఒక మాట అడిగావా అంటున్నాను, అంతే. అడిగి ఉంటే ఆ మాట వ్యాసంలో పెట్టు. అడగకపోతే అడగలేదని రాయి, అదీ పనికొస్తుంది.

నక్షత్రాలకు అర పేజీ ఉంచుకో. చలికి నిద్ర పట్టక బయటికొచ్చి చూశానన్నావే, ఆ భాగం బాగుంది. అది ముట్టుకోకు.

సంక్రాంతికి వస్తానన్నావు కాబట్టి, తిరగరాసిన ప్రతి అప్పుడే తెచ్చివ్వు. ‘చిన్న ఇబ్బంది’ అందులో ఉండాలి. మా చపాతీ పీట కూడా చూద్దువుగాని. వచ్చేటప్పుడు దాన్ని తెచ్చేసుకున్నాం. ఒక వైపు జాకీ అచ్చు లోతుగా పడింది. మా ఆవిడ ఇప్పుడు రెండో వైపు వాడుతోంది.

ఇట్లు
మీ మాస్టారు