పాఠకుల ప్రశ్నలు: ట్రాన్సిల్వేనియాలో ముందున్నదెవరు?

ప్రశ్న: ట్రాన్సిల్వేనియాలో తరతరాలుగా ఉన్నది మేమేనని రొమేనియన్లు, తాము వచ్చేనాటికి అక్కడ రొమేనియన్లే లేరని హంగేరియన్లు అంటారు. ఏది నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ట్రాన్సిల్వేనియా ఇప్పుడు రొమేనియాలో ఉన్న, ఒకప్పుడు హంగరీ ఏలిన ప్రాంతం. ఇద్దరూ ఒప్పుకునేవి మూడు. 106లో ట్రాజన్ చక్రవర్తి డేసియాను, అంటే ట్రాన్సిల్వేనియాతో కూడిన పాత రాజ్యాన్ని, గెలిచి రోమ్‌లో కలిపాడు. 270ల్లో ఆరేలియన్ చక్రవర్తి దాన్ని వదిలేసి సైన్యాన్ని, పాలనను డాన్యూబ్ నదికి దక్షిణానికి తరలించాడు. 895 ప్రాంతంలో హంగేరియన్లు కార్పేథియన్ కొండలు దాటి వచ్చారు. తగవంతా ఆ నడుమ ఆరు వందల ఏళ్లది. అప్పుడు అక్కడ గెపిడ్లు, అవార్లు, స్లావులు ఉన్నారు. రొమేనియన్ లాటిన్ నుంచి పుట్టిన భాష కాబట్టి, లాటిన్ మాట్లాడేవాళ్లు కూడా మిగిలారా అన్నదే ప్రశ్న.

మిగిలారంటుంది రొమేనియా: సైన్యం పోయినా రైతులు కదల్లేదని. హంగేరియన్లు పట్టుకున్న వాదాన్ని 1871లో రాబర్ట్ రోస్లర్ అనే ఆస్ట్రియా పండితుడు గట్టిగా నిలబెట్టాడు. దాని ప్రకారం రొమేనియన్ భాష డాన్యూబ్‌కు దక్షిణాన పుట్టింది, గొర్రెలు తోలుకుంటూ ఆ జనం 12, 13 శతాబ్దాల్లో ఉత్తరానికి వచ్చారు.

తమాషా ఏమిటంటే, ఇద్దరి చేతిలోనూ ఉన్నది చాలావరకు ఒకే సాక్ష్యం. రొమేనియన్‌లో ‘బ్రద్’ అంటే దేవదారు జాతి చెట్టు, అల్బేనియన్‌లో అదే ‘బ్రెధ్’. పెదవి ఇక్కడ ‘బుజ’, అక్కడ ‘బుజ్’. ఇలాంటివి వంద దాకా ఉన్నాయి. ఇవి పాత డేసియన్ మాటలంటారు రొమేనియన్లు. అల్బేనియన్ల పక్కన, అంటే దక్షిణాన, బతికినవాళ్లకే ఇవి అబ్బుతాయంటారు హంగేరియన్లు. డేసియన్ భాషలో రాసిన గ్రంథమేదీ మిగల్లేదు కాబట్టి ఈ తగవు మాటలతో తేలదు.

1200 ప్రాంతంలో హంగరీ రాజు బేలా కొలువులోని పేరు చెప్పని రాయసకాడొకడు రాసిన చరిత్రలో, హంగేరియన్లను ఎదిరించిన గెలూ అనే వ్లాక్ దొర కనిపిస్తాడు. వ్లాకులంటే రొమేనియన్ల పూర్వీకులే. మీ పుస్తకమే ఒప్పుకుంటోంది కదా అంటుంది రొమేనియా. అయితే అది జరిగిందన్న మూడు వందల ఏళ్ల తర్వాతి రాత. అప్పటికి ఐరోపాకే రాని కుమాన్లనే సంచార జాతిని కూడా అతను ఆ యుద్ధాల్లోకి దింపాడు. ఆ పుస్తకం మీద ఎంత బరువు పెట్టవచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఊళ్ల పేర్లలో జాగ్రత్త. ‘క్లూజ్-నపోకా’ చూసి రోమన్ పేరు నిలిచిందనుకోకండి, ఆ ‘నపోకా’ 1974లో రొమేనియా కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కు ప్రభుత్వం తగిలించింది. ఓల్ట్, మురేష్ వంటి నదుల పేర్లు మాత్రం నిజంగా పాతవే. కానీ పేరు నిలవాలంటే ఎవరో ఒకరు అక్కడ ఉంటే చాలు, వాళ్లు లాటిన్‌వాళ్లే కానక్కరలేదు.

మా అభిప్రాయం: ఆరేలియన్ ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించాడంటే నమ్మలేం. ట్రాన్సిల్వేనియాలోని బియెర్టాన్ ఊళ్లో దొరికిన నాలుగో శతాబ్దపు కంచు వస్తువు మీద ‘జెనోవియస్ అనే నేను మొక్కు చెల్లించాను’ అని లాటిన్‌లో ఉంది. కానీ ఆ ఒక్క కంచు ముక్క నుంచి 1200 దాకా తెగని గొలుసు అల్లడమూ కుదరదు.

ప్రశ్న: ఇంత పాత సంగతి మీద ఇప్పటికీ పట్టుదల ఎందుకు?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: హక్కులు దానికి ముడిపడ్డాయి కాబట్టి. 15వ శతాబ్దం నుంచి అక్కడ గుర్తింపు ఉన్న వర్గాలు మూడే: హంగేరియన్ ప్రభువులు, హంగేరియన్ మాట్లాడే సెకెయ్‌లు, సాక్సన్ జర్మన్లు. రొమేనియన్లకు చోటు లేదు. 1791లో వాళ్లు చక్రవర్తి లియోపోల్డ్‌కు పెట్టుకున్న అర్జీలో, ‘ఇక్కడ అందరికన్నా పాతవాళ్లం’ అన్నదే ముఖ్యమైన ఆధారం. 1920 జూన్ 4న, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత హంగరీతో కుదిరిన ట్రియానాన్ ఒప్పందంతో ఆ నేల రొమేనియాకు దక్కాక అర్జీదారులు మారారు, వాదం మారలేదు. 1986లో హంగరీ శాస్త్ర అకాడమీ మూడు సంపుటాల ట్రాన్సిల్వేనియా చరిత్ర వేస్తే రొమేనియా ప్రభుత్వం భగ్గుమంది, లండన్ పత్రికలో ప్రకటన కూడా వేయించింది.

ప్రశ్న: జనాభా లెక్కలైనా నమ్మవచ్చా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: ఏం అడిగి లెక్కపెట్టారో చూశాక నమ్మండి. 1910 హంగరీ లెక్క అడిగింది మాతృభాష. రొమేనియన్లు సుమారు 54 శాతం, హంగేరియన్లు 32. హంగేరియన్ మాట్లాడే యూదులు ఇందులో హంగేరియన్లే. 1930 రొమేనియా లెక్క జాతినీ అడిగింది, యూదులను వేరే గడిలో వేసింది. హంగేరియన్ల వాటా సుమారు 24కు దిగింది. ఆ తగ్గుదలలో కొంత గడి మారడం వల్ల, కొంత 1918 తర్వాత దాదాపు రెండు లక్షల మంది హంగరీకి వెళ్లిపోవడం వల్ల. రెండు అంకెలనూ పక్కపక్కన వేసి బాణం గుర్తు గీసిన పటం కనిపిస్తే, కింద సన్నక్షరాల్లో ఈ తేడా రాశారో లేదో చూడండి.