డేనియల్ క్రెయిగ్ బాండ్ సినిమాలు ఏ వరుసలో చూడాలి?

క్రెయిగ్‌కి ముందు బాండ్‌గా చేసిన పియర్స్ బ్రాస్నన్ సినిమాల్లో బాండ్ పై అధికారి 'ఎమ్' జూడీ డెంచే కదా, మరి 2006లో వచ్చిన క్రెయిగ్ మొదటి బాండ్ సినిమా క్యాసినో రాయల్‌లోనూ ఆవిడే ఉంటే బాండ్ అప్పుడే 00 ఏజెంట్ (చంపే అనుమతి ఉన్న గూఢచారి) అవడమేంటని ఒకరు అడిగారు. అది పాత కథకు కొనసాగింపు కాదండీ. కథ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది, నటిని మాత్రం మార్చలేదు. పాతవి చూడకపోయినా ఇబ్బంది లేదు.

క్యాసినో రాయల్ అవ్వగానే క్వాంటమ్ ఆఫ్ సొలేస్ పెట్టేయండి. మొదటిది ఆగిన కాసేపటికే ఆ కథ మొదలవుతుంది, మధ్యలో గ్యాప్ ఇస్తే బాండ్ కోపం మనకు అందదు. తర్వాత స్కైఫాల్, స్పెక్టర్, నో టైమ్ టు డై. ఈ బాండ్‌కి తగిలిన గాయాలు ఒక్క సినిమాతో మానవు. క్యాసినో రాయల్‌లో బాండ్ ప్రేమించిన వెస్పర్ ఎవరో తెలియకుండా చివరి సినిమా మాత్రం దయచేసి చూడకండి.