మైకు పెట్టే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఏటికొప్పాక లక్క బొమ్మ కడుపులో స్పీకరు పెట్టి తెలుగు కథలు, పద్యాలు చెప్పించాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పెరుగుతున్న మన పిల్లల చేతికి ఇలాంటి బొమ్మ వెళ్లాల్సిందే. కానీ బయ్యర్ దగ్గర అడ్వాన్సు ఇంకా తీసుకోకపోతే కొన్నాళ్లు ఆగు. కస్టమ్స్ అనగానే పోర్టు గేటు దగ్గర మొదలయ్యే పని అనుకుంటారు అందరూ. ఇలాంటి బొమ్మకైతే సగం సంగతి సర్క్యూటు గీసే బల్ల మీదే తేలిపోతుంది.

ముందు మైకు సంగతి. పిల్లలు ప్రశ్న అడిగితే బొమ్మ జవాబు చెప్పాలని రాశావు. తొలి మోడల్లో మైకు వద్దమ్మా. పిల్లల పేరు, పుట్టినరోజు అడిగే యాప్ కూడా వద్దు. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి కోపా అనే చట్టం ఉంది. ఆ చట్టం లెక్కలో పిల్లల గొంతు రికార్డింగు కూడా వ్యక్తిగత సమాచారమే. అది తీసుకునే ముందు అమ్మానాన్నల అనుమతి రుజువుతో సహా తీసుకోవాలి. ఈ నిబంధనల్ని 2025లో ఇంకా బిగించారు, వాటిని పాటించడానికి 2026 ఏప్రిల్ 22 వరకే గడువిచ్చారు. వీటెక్ అనే పెద్ద బొమ్మల కంపెనీ 2018లో ఇలాంటి కేసులోనే ఆరున్నర లక్షల డాలర్లు కట్టింది. జర్మనీలో 2017లో కేలా అనే మాట్లాడే బొమ్మను రహస్యంగా నిఘా పెట్టే పరికరం కిందే లెక్కగట్టి నిషేధించారు, ఇంట్లో ఉన్నవాటిని పాడుచేసేయమని తల్లిదండ్రులకు చెప్పారు. దాని బ్లూటూత్‌కి పిన్ను లేదు. గోడ అవతలి మనిషి ఫోన్ కలుపుకుని ఇవతలి పాపతో మాట్లాడగలిగేవాడు. నాకైతే ఇది జరిమానాల విషయం కాదు. మనం చేసిన బొమ్మ పక్కన ఒక పిల్ల నిద్రపోతుంది, ఆ గదిలో మాటలు ఆ గదిలోనే ఉండాలి.

కథలన్నీ బొమ్మలో ఉన్న మెమరీ చిప్పులోనే వేసి బటన్ నొక్కితే పలికేలా చెయ్యి. కొత్త కథలు ఎక్కించడానికి బ్లూటూత్ కావాలంటావా, సరే. అప్పుడు ఎఫ్‌సీసీ వస్తుంది, రేడియో తరంగాలు వాడే పరికరాల్ని చూసే అమెరికా సంస్థ అది. ముందే ఎఫ్‌సీసీ ఐడీ ఉన్న బ్లూటూత్ మాడ్యూల్ కొను, దాని యాంటెనా జోలికి పోకు. మాడ్యూల్‌కి ఐడీ ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. మొత్తం బొమ్మను కూడా ల్యాబులో పరీక్ష చేయించాలి, లోపలున్న మాడ్యూల్ ఐడీ పైన కనిపించాలి, అమెరికాలో దానికి బాధ్యత వహించే పార్టీ ఒకరు ఉండాలి. బ్లూటూత్ అసలు లేకపోతే పని ఎంత తేలికవుతుందో ఆలోచించుకో.

ఇక చెక్క, రంగు. ఇక్కడే నువ్వు పొరపడతావేమోనని నాకు బెంగ. సహజ రంగులు కదా, టెస్టు ఎందుకు అన్నావు. అమెరికా నిబంధనల్లో రంగు వెయ్యని ఉత్త చెక్కకు సీసం పరీక్ష నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే. దాని మీద లక్క పూత పడిందంటే ఆ మినహాయింపు పూతకు వర్తించదు. పూతలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, దాటకూడదు. అందులోనూ పసుపు రంగు దగ్గర మరీ జాగ్రత్త. బజారు పసుపులో నిగనిగ కోసం లెడ్ క్రోమేట్ కలిపే దగుల్బాజీలు ఉన్నారు. కొమ్ములు కొని మీ ఎదురుగా ఆడించండి. లక్క కడ్డీలు ఒకే బ్యాచ్‌గా చేయించి ఆ బ్యాచ్‌నే ల్యాబుకి పంపితే, ఆ రిపోర్టు ఆ రంగు వేసిన అన్ని బొమ్మలకూ వాడుకోవచ్చు. లక్క గానీ, పనివారు తెచ్చే రంగు గానీ మారితే మళ్లీ పంపాలి.

తర్వాత వయసు. పెట్టె మీద మూడేళ్లు పైబడినవారికి అని రాసేస్తే సరిపోదు. బొమ్మ చూడ్డానికి చంటిపిల్లల ఆటవస్తువులా ఉంటే వాళ్ల కోసమే అని లెక్కగడతారు. అప్పుడు దాని మీంచి ఊడే ఏ ముక్కా ల్యాబులో కొలతకు వాడే చిన్న భాగాల గొట్టంలో పట్టకూడదు. ఆ గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, రెండేళ్ల పిల్ల గొంతు అంత అనుకో. నీ బొమ్మ తలపాగా మీద ఉన్న ఆ ఎర్ర బొడిపె చూశాను. దాన్ని సన్నటి చీలతో బిగించారు. ల్యాబువాళ్లు బొమ్మను మూడడుగుల ఎత్తు నుంచి నాలుగుసార్లు పడేస్తారు, తర్వాత ఆ బొడిపెను తిప్పి, లాగి చూస్తారు. ఊడితే గొట్టంలో పడిపోతుంది, రిపోర్టు ఫెయిల్. తల, తలపాగా, బొడిపె ఒకే చెక్కలో తరిణె పట్టించమని చెప్పు. ఏటికొప్పాక పనితనానికి అది కష్టం కాదు.

ఈ పరీక్షలన్నీ ఏఎస్‌టీఎం ఎఫ్963 అనే బొమ్మల భద్రతా ప్రమాణం (2023 కూర్పు) ప్రకారం, వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ ఒప్పుకున్న ల్యాబులో జరగాలి. ఆ రిపోర్టుల ఆధారంగా పిల్లల వస్తువు సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలో దిగుమతి చేసుకునేవారు. ఆ సర్టిఫికెట్ వివరాలు సరుకు దిగేటప్పుడే ఆన్‌లైన్లో దాఖలు చెయ్యాలన్న నియమం 2026 జులై 8 నుంచి. అందుకే బయ్యర్‌ని మొదటి రోజే అడుగు, ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్, అంటే కాగితాల మీద దిగుమతి బాధ్యత మోసేది ఎవరు అని. తడబడుతున్నాడంటే ఆ బరువు నీ నెత్తిన వెయ్యబోతున్నాడన్నమాట. బొమ్మ అడుగున ఎవరు చేశారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ బ్యాచ్ అన్నది చెరిగిపోకుండా ఉండాలి. స్టిక్కరు కన్నా చెక్క మీద కాల్చి ముద్ర వెయ్యడం మేలు.

బ్యాటరీ గురించి కూడా చెబుతాను. లిథియం పెడితే రవాణాలో దాని భద్రతకు చేసే యూఎన్ 38.3 పరీక్ష సారాంశం సప్లయర్ దగ్గర తీసుకోవాలి, ఎయిర్ కార్గోలో ప్యాకింగ్ నియమాలు వేరు. మామూలు ఏఏ సెల్స్ పెట్టి మూతకి స్క్రూ బిగించావంటే శంషాబాద్‌లో ఈ గొడవే ఉండదు. నేనైతే అదే చేస్తాను.

కస్టమ్స్ కోడ్ బొమ్మకైతే 9503. బొమ్మ ఆకారంలో ఉన్న స్పీకరు అని వాళ్లకు అనిపిస్తే 8518లోకి తోసేస్తారు, సుంకం మారిపోతుంది. కాబట్టి ఇన్‌వాయిస్‌లో, పెట్టె మీద, వెబ్‌సైట్‌లో ఒకటే వర్ణన ఉండాలి: చెక్క బొమ్మ, కథలు పలికేది, ఏఏ సెల్స్‌తో నడిచేది. అనుమానముంటే అమెరికా కస్టమ్స్‌ని ముందే రూలింగ్ అడగొచ్చు. పాత రూలింగులన్నీ క్రాస్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒక సాయంత్రం కూర్చుని చదువు. భారత్ సరుకు మీద వేసే అదనపు సుంకం తరచూ మారుతోంది, ధర చెప్పే వారంలోనే బ్రోకరుని కనుక్కో. ఒకటీ అరా పార్సిళ్లు గిఫ్టు పేరుతో పంపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 800 డాలర్లలోపు సరుకుకి ఉండే సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. అది అలా ఉంచి, అబద్ధపు కాగితం మీద పిల్లల వస్తువు పంపకూడదు.

మనవైపు పని తక్కువే. ఎగుమతిదారులకిచ్చే ఐఈసీ నంబరు తీసుకో, విదేశీ డబ్బు వచ్చే బ్యాంకు ఏడీ కోడ్‌ని సరుకు వెళ్లే పోర్టులో నమోదు చేయించు, జీఎస్టీ కట్టకుండా పంపడానికి ఎల్‌యూటీ అనే హామీపత్రం వెయ్యి. ఎగుమతికి చేసే బొమ్మలకు మన దేశపు నాణ్యత ముద్ర బీఐఎస్ గుర్తు తప్పనిసరి కాదు గానీ, అదే బొమ్మ హైదరాబాద్ షాపులో పెడదామనుకుంటే మాత్రం ఆ నిబంధనలు విడిగా చూసుకోవాలి. సరుకు పెట్టెలు పేర్చే చెక్క ప్యాలెట్లకు వేడి చికిత్స ముద్ర ఉందో లేదో నువ్వే కళ్లతో చూడు.

జర్మనీ ఆర్డరు ఇప్పుడే ఒప్పుకోకు. యూరప్‌కి బొమ్మల భద్రతకు ఈఎన్ 71, కరెంటు బొమ్మలకు ఈఎన్ 62115 పరీక్షలు, అక్కడి నిబంధనలు పాటించామని చెప్పే సీఈ గుర్తు, అక్కడ బాధ్యత తీసుకునే మనిషి, పదేళ్లు దాచాల్సిన టెక్నికల్ ఫైలు కావాలి. ఇంటర్నెట్‌కి కలిసే వైర్‌లెస్ బొమ్మలకైతే 2025 ఆగస్టు 1 నుంచి సైబర్ భద్రత నియమాలు కూడా అమల్లోకి వచ్చాయి. అమెరికా సరుకు ఒక విడత సాఫీగా దిగాక అది చూద్దాం.

ఈ వారంలో రెండు పనులు చెయ్యి. మైకు తీసేసిన సర్క్యూటు, ఒకే చెక్కలో తలతో చేసిన నమూనా, ఈ రెండూ సిద్ధం చేసి ల్యాబువాళ్లను టెస్టు ప్లాను, కొటేషన్ అడుగు. వాళ్లు ఏ వయసు గ్రేడు రాసిస్తారో ఆ కాగితం నాకు వాట్సాప్ చెయ్యి, ఫోన్‌లో మాట్లాడుకుందాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మామయ్య