ఉరిశిక్ష అప్పీలు చేపట్టిన అమ్మాయికి

అమ్మాయ్,

ముందు ఆ ముద్దాయి తల్లికి ఫోన్ చెయ్యి. సెషన్స్ కోర్టు తీర్పు విన్నప్పటి నుంచి, కొడుకును ఎప్పుడు ఉరి తీస్తారో అని ఆమెకు నిద్ర ఉండదు. హైకోర్టు ఖాయం చేసేదాకా ఆ శిక్ష అమలు కాదని చెప్పు. నేర విచారణ చట్టాల్లో పాత సి.ఆర్.పి.సి. 366, దాని స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్. 407 సెక్షన్లు చెప్పేది అదే. ఆమెకు సెక్షన్లు అక్కర్లేదు, నీ నోటి మాట చాలు. అయితే తప్పక విడుదలవుతాడని మాత్రం మాటివ్వకు.

సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష మీద హైకోర్టుకు అప్పీలు గడువు 30 రోజులే. మిగతా శిక్షలకున్న 60 రోజులు ఇక్కడ లేవు. వకాలత్ మీద సంతకం జైలు అధికారుల ద్వారా రావాలి కాబట్టి ఆ పని రేపే మొదలుపెట్టు.

ఖాయం చేయమని కింది కోర్టు పంపే రిఫర్డ్ ట్రయల్, నీ అప్పీలు కలిపే వింటారు. రిఫరెన్స్ ఉంది కాబట్టి జడ్జిలు సాక్ష్యం మొత్తాన్ని తామే కొత్తగా తూచి చూడాలి. కింది కోర్టులో అడగలేదు కదా అని ఏ పాయింటూ వదలకు. అవసరమైతే హైకోర్టు అదనపు సాక్ష్యం కూడా తీసుకోవచ్చు.

రికార్డు చదివేటప్పుడు తీర్పును పక్కన పెట్టి ఎఫ్‌ఐఆర్‌తో మొదలుపెట్టు. అది మేజిస్ట్రేట్‌కు ఎప్పుడు అందిందో, దాని మీద ఏ టైము రాసి ఉందో చూడు. ఇంక్వెస్ట్ (శవ పంచనామా) జరిగేటప్పటికి ముద్దాయి పేరు బయటికొచ్చిందా? ముద్దాయి చెప్పగా వస్తువు దొరికిందన్న రికవరీ ఉంటే, అక్కడ సాక్షులుగా ఉన్న మధ్యవర్తుల నివేదిక మాట మాటా చదువు. ముద్దాయి మాట వల్ల కొత్తగా బయటపడిన విషయం వరకే సాక్ష్యంగా పనికొస్తుంది, పోలీసుల ముందు ఒప్పుకున్నానన్న మిగతా భాగం చెల్లదు. ఆ వస్తువు దొరికిన చోటు పోలీసులకు అప్పటికే తెలిసి ఉంటే, కొత్తగా బయటపడిందన్న మాటే నిలవదు. సాక్ష్యం మీద ముద్దాయిని జడ్జి నేరుగా ప్రశ్నించే పరీక్షలో (పాత సి.ఆర్.పి.సి. 313) అడగని విషయాన్ని అతని మీద వాడారేమో కూడా చూసుకో. కళ్లారా చూసిన సాక్షి లేకపోతే 1984 నాటి శరద్ శారదా తీర్పు దగ్గర పెట్టుకో. నేరం ఇతనే చేసి ఉండొచ్చు అంటే సరిపోదు, ఇతను తప్ప ఇంకొకరు చేసే వీలు లేదని ప్రాసిక్యూషన్ చూపించాలి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. శిక్ష సంగతి చివరి అరగంటలో చూసుకుందామని అనుకోకు. అది వేరే కేసు, దానికి వేరే ఫైలు పెట్టు. నిర్దోషి అని వాదిస్తూనే ఆ ఫైలు తయారు చేసుకోవచ్చు, ఒకటి రెండోదానికి అడ్డం కాదు. చిన్న వయసు, పేదరికం, కుటుంబం అని మూడు మాటలు చెప్పి కూర్చుంటే ఆ మనిషి ఎవరో జడ్జికి ఎలా తెలుస్తుంది? 1980లో బచన్ సింగ్ తీర్పు నేరంతో పాటు నేరస్తుణ్ణీ చూడమంది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి ప్రొబేషన్ అధికారి రిపోర్టు, జైలు ప్రవర్తన రిపోర్టు, మానసిక స్థితి పరీక్ష కావాలంది. ఇవి కింది కోర్టులో లేకపోతే మొదటి వాయిదాలోనే పిటిషన్ వెయ్యి.

నువ్వు కూడా ముద్దాయి ఊరెళ్లు. బడి రిజిస్టరు తెప్పించు. పుణెలో 1994లో జరిగిన హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒకతనికి నేరం నాటికి పన్నెండున్నరేళ్లేనని బడి రికార్డు వల్ల తేలింది. 2023లో సుప్రీంకోర్టు వదిలిపెట్టేసరికి అతను 28 ఏళ్లు జైల్లో గడిపాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మైనరన్న వాదన ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు.

మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఈడిగ అన్నమ్మ కేసు తప్పక చదువు. 1974లో జస్టిస్ కృష్ణయ్యర్ నేర నిర్ధారణను అలాగే ఉంచి, ఆమె వయసు, అత్తింటి నుంచి వెళ్లగొట్టిన బతుకు, పసికొడుకు, ఉరి భయంతో గడిపిన కాలం చూసి యావజ్జీవంగా మార్చారు. ఆ వివరాలు రికార్డులో ఉండబట్టే తీర్పులోకి వచ్చాయి.

వాదించేటప్పుడు చనిపోయినవాళ్ల గురించి ఒక్క తేలిక మాట కూడా రానివ్వకు. వాళ్ల ఇంటివాళ్లు హాల్లో వెనక కూర్చుని ఉంటారు.

ఒకవేళ హైకోర్టు ఖాయం చేస్తే సుప్రీంకోర్టు ఉంది. తన తీర్పును తానే మళ్లీ చూడమని అడిగే ఉరిశిక్ష రివ్యూలను 2014 నుంచి అక్కడ బహిరంగ కోర్టులోనే వింటున్నారు. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 2009లో ఆరుగురికి ఉరిశిక్ష వేసిన సుప్రీంకోర్టే, 2019లో ఆ ఆరుగుర్నీ నిర్దోషులని వదిలింది. ఆ తర్వాత గవర్నరుకు, రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీలు. అందుకే నువ్వు సేకరించే ప్రతి కాగితానికీ మూడు కాపీలు తీసి పెట్టుకో.

అప్పీలు గ్రౌండ్స్ (కారణాలు) డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపు. ప్రాసిక్యూటర్ వైపు నుంచి చదివి, ఎక్కడ దెబ్బ తగులుతుందో రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ సీనియర్