నాయిన జీపుకు స్కార్పియో ఇంజన్: చిట్టీ ఎత్తాలా, వద్దా?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

‘సార్, నమస్తే. నల్లగొండలో ప్రైవేట్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 58 వేలు. నా భార్య మగ్గం వర్క్ చేస్తుంది, నెలకు 12 వేల దాకా వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 14,500. అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. 3 లక్షల చిట్టీ వేశాను, నెలకు 10 వేలు, 30 నెలలు. 14 నెలలు కట్టాను. బ్యాంకులో 40 వేలున్నాయి. మా నాయిన 1989లో కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు ఇంకా ఇంట్లోనే ఉంది. బత్తాయి కాయలన్నీ దాని ట్రాలీలోనే మార్కెట్‌కు పోయేవి. ఇప్పుడు పొగ కక్కుతోంది, ఎక్కుడు దగ్గర మొరాయిస్తోంది. మా మెకానిక్ పాత స్కార్పియో టర్బో ఇంజన్ ఎక్కిస్తే కొత్త బండి లెక్క ఉరుకుతుందని, మొత్తం 2,60,000 అవుతుందని చెప్పిండు. పాత ఇంజనే మొత్తం విప్పి చేస్తే 85 వేలట. చిట్టీ పాట పాడి ఎత్తితే 2,34,000 దాకా చేతికొస్తుంది. మిగతాది దోస్తు దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తా. ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?’

చిట్టీ ఎత్తకండి. ఈ విషయంలో మీ ఇంటావిడ పక్షమే నాది. అట్లని జీపును ఇనుప సామాన్ల వాడికి వేయమనడం లేదు. దాని మీద పైసలు పెట్టండి, ఆ ఇంజన్ మీద మాత్రం కాదు.

ముందు చిట్టీ లెక్క. 3 లక్షల చిట్టీలో 66 వేలు నష్టానికి పాడి 2,34,000 తీసుకుంటున్నారు. పాడకుండా చివరిదాకా ఆగితే, 5 శాతం కమీషన్ పోను 2,85,000 వస్తుంది. అంటే ఈరోజు ఆత్రపడినందుకు 51 వేలు వదులుకుంటున్నారు. నెలనెలా వచ్చే డివిడెండ్ (పాటలో తగ్గిన సొమ్ములో మీ వాటా) సంగతి పక్కన పెడితే, 16 నెలలకు ఇది ఏడాదికి 16 శాతం పైచిలుకు వడ్డీతో అప్పు తెచ్చినట్టే. చిట్టీ ఎత్తడాన్ని మనవాళ్లు ‘మన పైసలే కదా’ అనుకుంటారు. సగం కూడా కట్టకముందే ఎత్తితే అందులో మనవి ఎన్ని, పక్కవాళ్లవి ఎన్ని? పైగా ఎత్తిన రోజు నుంచి మిగిలిన 16 వాయిదాలకు జమానతు ఇచ్చిన మీ తోటి లెక్చరర్లు కూడా ఇరుక్కుంటారు. దోస్తు ఇచ్చే 26 వేలకు నెలకు 520 వడ్డీ. అది చిన్నదే, దాని గురించి నాకు బాధ లేదు.

నాకు బాధంతా ఆర్‌సీ గురించి. మెకానిక్ మీకిచ్చిన కొటేషన్‌లో ఆ మాటే లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట పేర్కొన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి ఇంధన మార్పులకు షరతులతో దారి ఉంది. ఇంజన్ బ్లాకు పగిలి పనికిరాకపోతే అదే రకం ఇంజన్‌ను రవాణా శాఖ అనుమతితో పెట్టించుకుని కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకునే పద్ధతీ ఉంది. ‘రెండూ మహీంద్రావే కదా’ అని మీ మెకానిక్ అనొచ్చు. కంపెనీ ఒకటైతే చాలదు. మీ జీపులోది 2,112 సీసీ ప్యూజో డీజిల్, సుమారు 60 హార్స్‌పవర్. వాళ్లు పెడతామన్నది 2,609 సీసీ టర్బో, 109 హార్స్‌పవర్. అనుమతి లేకుండా ఇట్లా మారిస్తే, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

జరిమానా కట్టి పడేయొచ్చు, అది కాదు అసలు భయం. ప్రమాదం జరిగితే మీ బండికైన నష్టం ఇవ్వబోమని ఇన్సూరెన్స్ కంపెనీ అనడానికి చెప్పకుండా చేసిన ఇంజన్ మార్పు చాలు. ఎదుటివాళ్లకు తగిలితే వాళ్లకు ముందు కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవడానికి కోర్టుకు పోవచ్చు. ఇంటి లోన్ కడుతున్న మనిషి నెత్తిన ఇంత బరువు పెట్టుకోవాలా?

నేనే ఒకసారి దెబ్బ తిన్నాను. పదిహేనేళ్ల కింద మహబూబ్‌నగర్ దిక్కు ఒక పాత జీపు నచ్చి కొన్నాను. టైర్లు చూశాను, సీట్లు చూశాను, హారన్ కొట్టి చూశాను. ఇంజన్ నంబరు మాత్రం చూడలేదు. పేరు మార్పుకు పోయిన రోజు తనిఖీ చేసే ఆయన డీజిల్‌లో ముంచిన గుడ్డతో బ్లాకు మీద జిడ్డు తుడిచి, సుద్దముక్క రుద్దాడు. తెల్లగా తేలిన అంకెలకు, ఆర్‌సీలో ఉన్న అంకెలకు పొంతనే లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. ఆ జీపు రెండేళ్లు మా షెడ్డులో ఎండుటాకులు రాలుతుంటే నిలబడి, చివరికి విడిభాగాల కింద పోయింది. బండి మంచిదే. కాగితమే చచ్చింది.

మీ జీపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి తిరగరాయించుకుంటూ వస్తున్నట్టయితే, 2024లో అయి ఉంటుంది, మళ్లీ 2029లో వస్తుంది. 2025 ఆగస్టు మార్పుతో 20 ఏళ్లు దాటిన కారు, జీపు లాంటి బండికి ఆ ఫీజే 10 వేలయింది. ఆరోజు బండిని తీసుకెళ్లి చూపించాల్సిందే. ‘ఆర్‌సీ సంగతి నేను చూసుకుంట’ అన్న మెకానిక్ అప్పుడు ఎక్కడుంటాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంకొకటి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20 వేలు, పదేళ్లకు. మీ జీపుకు 2039లో 50 నిండుతాయి. వింటేజ్ నంబరు ప్లేటుతో రోజూ తిరగనివ్వరు, ప్రదర్శనలు, ర్యాలీలకే. అయినా మీ అమ్మాయి వయసు వాళ్లకు అది ఒక గుర్తుగా మిగలాలంటే, ప్యూజో ఇంజన్ దాని కడుపులోనే ఉండాలి.

సరే, చట్టం పక్కన పెట్టి మెకానిక్ భాషలోనే మాట్లాడదాం. దాదాపు రెట్టింపు బలం ఎక్కిస్తే దాన్ని చక్రాలదాకా మోయాల్సింది ఎవరు? గేర్‌బాక్స్, జాయింట్ షాఫ్టు, క్రౌన్ పినియన్. అవన్నీ 60 హార్స్‌పవర్‌కు పుట్టినవి. బ్రేకులా, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. టర్బోకు పెద్ద రేడియేటర్, ఇంటర్‌కూలర్, పైపులు, ఇంజన్ మౌంటులు, క్లచ్ కలపడానికి లేత్ షెడ్డులో చేయించే ప్లేటు కావాలి. మీరు పంపిన కొటేషన్‌లో ‘ఇంజన్, ఫిట్టింగ్, వైరింగ్’ అని మూడే వరుసలున్నాయి. నేను చూసినంతలో ఇటువంటి పని చెప్పిన రేటుకు ముగిసింది లేదు. సగానికి సగం పెరిగినవే ఎక్కువ. అప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల చుట్టూ తిరిగేది మీరు, చార్జీలు మీవే.

గుట్టలెక్కడానికి బలం కన్నా లో గేర్ ముఖ్యం. ఆ జీపు ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె)లోని లో రేంజ్ ఇప్పటికే చక్రాలను తిప్పే శక్తిని దాదాపు రెండున్నర రెట్లు పెంచుతుంది. మీ నాయిన ట్రాలీ లాగింది దాంతోనే. ఇప్పుడు మొరాయిస్తోందంటే అరిగిన పిస్టన్ రింగులు, ఇంజెక్టర్లు, పంపు కారణం కావొచ్చు. ఇంజన్ దింపించేముందు సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. రిపోర్టు చేతిలో పెట్టుకుని 85 వేలకు ఏమేం వస్తాయో రాసివ్వమనండి: బోరింగ్, పిస్టన్ సెట్, క్రాంక్ పని, పంపు, ఇంజెక్టర్లు, వాటర్ పంపు. బిల్లుల మీద ఇంజన్ నంబరు వేయించండి. జీపేసుకుని నల్లమల అడవిలో తిరగాలన్న ఆశ ఉంటే కాస్త తగ్గించుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత జీపుతో ఇష్టమొచ్చినట్టు లోపలికి పోనివ్వరు.

ఇక పైసలు ఎక్కడివి? ఉత్తరం చివర్లో మీరు రాసి, నేను పైన వదిలేసిన వాక్యం ఒకటుంది: మూడెకరాల బత్తాయి తోట గుత్తకు ఇచ్చారు, ఏడాదికి 90 వేలు వస్తుంది. జీపును అప్పట్లో పోషించింది ఆ తోటే. ఈసారి కూడా దాన్నే పోషించనివ్వండి. సీజన్‌లో గుత్త పైసలు రాగానే 85 వేల పని చేయించండి. అప్పటిదాకా జీపు ఎదురుచూస్తుంది, ఇన్నేళ్లూ చూసింది. చిట్టీ మాత్రం ముట్టొద్దు. అది అమ్మాయిది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయ్యాక ఫీజు, హాస్టల్ అడ్వాన్స్, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. అప్పుడు కావాలంటే పాడండి, అప్పటికి నష్టమూ తగ్గుతుంది. బ్యాంకులోని 40 వేలు ఒక ఆసుపత్రి బిల్లుకు కూడా ఆగవు. 58 వేల జీతం మీద ఇల్లంతా నడుస్తుంటే టర్మ్ పాలసీ, ఫ్యామిలీ హెల్త్ పాలసీ గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. లేకపోతే జీపు బాగు చేయించేముందు అవి తీసుకోండి.

ఈ ఆదివారం ఒక పాత గుడ్డ, కొంచెం డీజిల్ తీసుకుని బానెట్ ఎత్తండి. బ్లాకు మీద నంబరు తుడిచి ఆర్‌సీతో పోల్చి చూడండి. మూడున్నర దశాబ్దాల్లో మీ నాయిన ఎప్పుడైనా ఇంజన్ మార్పించి ఉంటే ఆ సంగతి ఇప్పుడే తెలియాలి. నంబర్లు కలవకపోతే మెకానిక్ దగ్గరికి కాకుండా ముందు రవాణా శాఖ ఆఫీసుకు పోయి, నాకు మళ్లీ రాయండి.