గోదారి ఒడ్డు గుళ్లకు ఎనామెల్ రంగు వేయకండి

2027 పుష్కరాల లోపు గోదారి ఒడ్డున ఉన్న పాత గుళ్లను ఎలా కాపాడుకోవాలి, అసలు అవి ఏ రాజులవి అని అడిగారు కదా. రెండోదానికి ద్రాక్షారామం ఒక్కసారి వెళ్లి రండి చాలు. భీమేశ్వరుడి గుడిలో దాదాపు 400 శాసనాలున్నాయి, తెలుగూ సంస్కృతమూ తమిళమూ కూడా. తమిళం ఎందుకంటే మన రాజరాజ నరేంద్రుడి కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు, తండ్రి వైపు చాళుక్యులు, తల్లి వైపు చోళులు. కళింగ గాంగుల కాలం నాటి దానాలూ ఆ రాళ్ల మీదే ఉన్నాయి. అయినా గుడి తమిళులదా మనదా అని వీడియోల కింద గంటలు గంటలు కొట్టుకుంటారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కాపాడటం సంగతి. మాది గౌతమి ఒడ్డున లంక ఊరు. మా శివాలయం మండపంలో ఒక ఇసుకరాయి స్తంభం మీద తెలుగు శాసనం ఉండేది. మా తెలుగు మాస్టారు చిన్నప్పుడు మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టి, అక్షరం మీద వేలు పెట్టి చదివించేవారు. ఒకావిడ అఖండ దీపానికి ఇనుపయెడ్లు 50 ఇచ్చింది, వాటిని చేకొన్నవాడూ వాడి కొడుకులూ మనవలూ రోజూ మానెడు నెయ్యి పోయాలి. ఇనుపయెడ్లంటే ఎప్పటికీ తరగని మంద, చచ్చినవాటి బదులు పిల్లలు వచ్చి చేరుతుంటాయి అని మాస్టారు చెప్పేవారు.

2015 పుష్కరాలకు నెల ముందు ఆ స్తంభాలన్నిటికీ చందనం రంగు ఎనామెల్ కొట్టారు. మాస్టారు వెళ్లి గొడవ పెట్టుకుంటే, సరే తీసేద్దాం అని మర్నాడు గ్రైండర్ తెచ్చారు! నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి పై రెండు వరసలు పోయాయి, కింద పసుపురంగు పొడి కుప్ప పడి ఉంది. ఆవిడ పేరు ఉన్నది ఆ రెండో వరసలోనే. మాస్టారు ఆ పొడిని కండువాలోకి ఎత్తుకుని అలాగే కూర్చుండిపోయారు, నాకు ఇప్పటికీ కళ్లలో ఆడుతుంది. 86 వరదలో గోదారి గర్భగుడిలోకి వచ్చిందని మా మామ్మ చెప్పేది, బురద బిందెలతో కడిగేసుకున్నారట, ఒక్క అక్షరం పోలేదు.

సున్నమైతే రాయి ఊపిరి తీసుకుంటుంది. ఎనామెల్ వేస్తే నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక, లోపలి ఉప్పు పొంగి రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. దాని మీద మళ్లీ గ్రానైట్ టైల్స్, లైట్ల కోసం డ్రిల్లింగ్, స్టీలు గ్రిల్లు. భక్తితోనే చేస్తారు, కాదనను, కానీ రాయికి తగిలే దెబ్బ తగులుతూనే ఉంది.

కాబట్టి మీ ఊళ్లో రంగు డబ్బాలు దిగకముందే చీకటి పడ్డాక గుడికి వెళ్లండి. సెల్‌ఫోన్ టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి రాతికి ఆనించినట్టు వెయ్యండి. పగలు కనపడని అక్షరాలు కూడా నీడతో లేచి నిలబడతాయి. వరసవరసనా ఫొటోలు తీసి మైసూరులో ఉన్న పురావస్తు సర్వే శాసన విభాగానికి పంపండి. మేం మిగిలిన మూడు వరసలకు అలాగే తీశాం, ‘మానెడు నెయ్యి’ స్పష్టంగా పడింది.